ఓటీని (ఓవర్‌టైమ్ డబ్బుని) జీతం అనుకోవద్దు: కతార్‌కు ఇన్సులేషన్ పనికి వచ్చే రాయగడ కుర్రాళ్లకు

తమ్ముడూ, గుణుపురం నుంచి నువ్వు రాసింది చదివాను. ఐటీఐ ఫిట్టర్ చేశావు. దామన్‌జోడిలో షట్‌డౌన్లకు, అంటే మరమ్మతుల కోసం ప్లాంటు ఆపినప్పుడు, ఇన్సులేషన్ గ్యాంగులో (పైపుల వేడి, చల్లదనం పోకుండా పొరలు చుట్టేవాళ్లతో) హెల్పర్‌గా తిరిగావు. ఇప్పుడు ఏజెంటు కతార్‌లో ఇన్సులేటర్ పని ఉందని, నెలకు 2,200 రియాళ్లు వస్తాయని చెప్పి లక్షన్నర అడుగుతున్నాడు. నాన్నగారు పొలం తాకట్టు పెడతానంటున్నారు. వెళ్లొచ్చా అని అడిగావు.

పని మంచిదే, రావచ్చు. కానీ ఆ లక్షన్నర, ఆ 2,200 అనే రెండు అంకెలూ నాకు నచ్చలేదు. నేను 2008లో వచ్చినప్పుడు సరిగ్గా ఇలాంటి రెండు అంకెలనే నమ్మాను.

అప్పుడు నాకు చెప్పింది 1,100 రియాళ్లు. ఊళ్లో షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తొంభై వేలు తెచ్చి ఏజెంటు చేతిలో పెట్టాను. అంటే నెలకు వడ్డీయే 2,700. అప్పట్లో రియాల్ పదకొండు, పన్నెండు రూపాయలు ఉండేది. 1,100 అంటే పదమూడు వేలు, వడ్డీ పోయినా పది మిగులుతుంది కదా అని లెక్క వేసుకున్నాను. ఇక్కడికి వచ్చి కాగితం చూస్తే బేసిక్, అంటే ఓటీ, అలవెన్సులు లేని అసలు జీతం, 700 మాత్రమే. మిగతాది ఓటీ. అది కూడా పని ఉన్న నెలల్లోనే. తిండికి రెండు వందలు పోయేవి.

అయినా మొదట్లో బాగానే గడిచింది. కతార్‌లోని రాస్ లాఫాన్ పారిశ్రామిక ప్రాంతంలో పెద్ద ఎల్‌ఎన్‌జీ (చల్లబరిచి ద్రవంగా మార్చిన సహజ వాయువు) ప్లాంట్లు కడుతున్న రోజులవి. రోజూ ఓటీ, శుక్రవారాలు కూడా పని. చేతికి డబ్బు రావడంతో అదే నా జీతం అనుకున్నాను. అసలు అప్పు తీర్చకుండా ఊళ్లో స్లాబ్ ఇల్లు మొదలుపెట్టాను. పంపిన డబ్బు ఎంత సిమెంటుకు పోయింది, ఎంత చుట్టాలకు చేబదుళ్లుగా పోయింది అని ఏనాడూ అడగలేదు. 2010 చివరికి ఆ ప్లాంట్లన్నీ పూర్తయ్యాయి. ఓటీ ఆగిపోయింది. క్యాంపులో కూర్చుని 700 బేసిక్ మీద బతికిన నెలలు ఉన్నాయి. ఇల్లు లింటెల్ దగ్గర ఆగిపోయింది. వడ్డీ మాత్రం ఆగలేదు. తొంభై వేల అప్పుకు నేను కట్టిన వడ్డీ అసలును దాటిపోయింది. అప్పట్లో ఎన్‌వోసీ (పాత కంపెనీ ఇచ్చే అనుమతి పత్రం) లేకుండా కంపెనీ మారే వీలు కూడా లేదు. 2020లో ఆ నిబంధన తీసేశారు కాబట్టి, మీ తరానికి ఆ టెన్షన్ లేదు.

ఈ రోజు నేను ఫోర్‌మన్‌ని. ఆ ఇల్లు పూర్తయింది, పైన మరో అంతస్తు కూడా వేశాను. అమ్మాయి బరంపురంలో డిగ్రీ చదువుతోంది. చేతిలో పని ఉంది కాబట్టి నిలబడ్డాను. డబ్బు లెక్క ముందే తెలిసి ఉంటే ఇదంతా చాలా ఏళ్ల ముందే అయ్యేది. అందుకే నీకు ఇంత పొడుగ్గా చెబుతున్నాను.

ఇప్పుడు నీ 2,200 చూద్దాం. ఏజెంటును ఒక్కటే అడుగు: బేసిక్ ఎంత? కతార్‌లో చట్టం ప్రకారం కనీస జీతం 1,000 రియాళ్లు. కంపెనీ తిండి పెట్టకపోతే 300, వసతి ఇవ్వకపోతే 500 అదనంగా ఇవ్వాలి. మా చుట్టుపక్కల హెల్పర్లకు వెయ్యి, పని వచ్చిన ఇన్సులేటర్లకు 1,200 నుంచి 1,600 బేసిక్ చూస్తున్నాను. నీకు 1,200 రాసి, తిండికి 300 కలిపారనుకో. మొత్తం 1,500. మిగిలిన 700 ఓటీయే. రోజూ రెండు గంటలు ఎక్కువ చేసి, సెలవు రోజుల్లో కూడా డ్యూటీకి వెళ్తే గానీ ఆ 700 రాదు. ఓటీ గంటకు మామూలు గంట కంటే కనీసం పాతిక శాతం ఎక్కువ ఇవ్వాలి, నిజమే. కానీ అది కట్టేది బేసిక్ మీద. పని మానేసి వెళ్లేటప్పుడు ఏడాదికి కనీసం మూడు వారాల లెక్కన ఇచ్చే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే. బేసిక్ తక్కువ ఉంటే అన్నీ తక్కువే. మీ కుర్రాళ్లు మొత్తం అంకె విని సంతోషపడిపోతారు, కాంట్రాక్టులో మొదటి గడి చూడరు.

వేసవిలో ఓటీ ఇంకా తగ్గుతుంది. జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఎండలో పని చేయించకూడదు. ఇది మన ప్రాణాల కోసం పెట్టిన నియమం, చాలా మంచిది. ఇంటికి పంపే డబ్బు లెక్క వేసేటప్పుడు మాత్రం ఆ నెలల్ని బేసిక్‌తోనే లెక్కపెట్టు.

జీతం పెరగాలంటే దారి ఓటీ కాదు, పని. పైపుకు రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పొర) చుట్టి వైరు కట్టడం ఎవరికైనా వారంలో వస్తుంది. దాని మీద అల్యూమినియం షీటు కొలిచి, కోసి, బీడింగ్ (అంచున గట్టిదనానికి వేసే ఉబ్బు గీత) వేసి బిగించేవాడికి వేరే రేటు. ఆరు అంగుళాల పైపు బయటి వ్యాసం 168 మిల్లీమీటర్లు. రెండు వైపులా 50 చొప్పున రాక్‌వూల్ వేస్తే 268 అవుతుంది. 3.14తో గుణిస్తే 842. ల్యాప్‌కు, అంటే ఒక అంచు మీద ఇంకో అంచు ఎక్కడానికి, 50 కలిపితే షీటు వెడల్పు 892. ఇది నోటితో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో సగం పని అయినట్టే. ఎల్బోకు (పైపు వంపుకు) ముక్కలు మార్కింగ్ చేయడం, వాల్వులకు, ఫ్లాంజీలకు (పైపుల్ని బోల్టులతో కలిపే చోట్లకు) విప్పి మళ్లీ పెట్టే బాక్సులు చేయడం వస్తే ఫ్యాబ్రికేటర్‌గా తీసుకుంటారు. అదంతా నువ్వు మన దగ్గరే నేర్చుకోవచ్చు. దామన్‌జోడి, దొరగుడ అల్యూమినా రిఫైనరీల్లో, జేకేపూర్ పేపరు మిల్లులో ఆవిరి లైన్లకు తక్కువేం లేదు. ఇంకో రెండు షట్‌డౌన్లు హెల్పర్‌గా కాకుండా షీటు మేస్త్రి పక్కన ఉండి చెయ్యి, కూలి కాస్త తక్కువైనా సరే.

మన దగ్గర దొరకనిది కోల్డ్ ఇన్సులేషన్, అంటే చల్లటి లైన్లకు వేసేది. ఎల్‌ఎన్‌జీ మైనస్ 162 డిగ్రీల్లో పారుతుంది. ఫోమ్‌గ్లాస్ (గాజు నురుగు దిమ్మలు), పీఐఆర్ (గట్టి ప్లాస్టిక్ నురుగు) పొరలు పొరలుగా, ఒక పొర జాయింటు మీద ఇంకో పొర జాయింటు పడకుండా వేయాలి. పైన తేమను ఆపే వేపర్ బ్యారియర్ పొర ఒక్క చోట చిరిగినా గాలిలోని తేమ లోపలికి దిగి ఐసు కడుతుంది. వేడి లైన్లలోనూ సీలింగ్ వదిలేస్తే నీళ్లు దిగి లోపల పైపు ఎవరికీ కనబడకుండా తుప్పు పడుతుంది. అందుకే చేతి పని శుభ్రంగా ఉన్నవాణ్ని కంపెనీలు వదులుకోవు. నన్ను నిలబెట్టింది ఇదే. ఇంకొక మాట, దుమ్ముకు మాస్క్ మరిచిపోకు. పాత లైన్లు విప్పేటప్పుడు అందులో ఊపిరితిత్తుల్ని పాడుచేసే ఆస్‌బెస్టాస్ ఉందా అని అడగకుండా చెయ్యి పెట్టకు.

పనులు ఉంటాయా అన్నావు. కతార్ ఏడాదికి 7.7 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీని 14.2 కోట్ల టన్నులకు పెంచాలని పెట్టుకుంది కాబట్టి, పని ఉంటుంది. కానీ కట్టడం ఎప్పటికైనా అయిపోతుంది, 2010లో అయిపోయినట్టే. తర్వాత మిగిలేవి మెయింటెనెన్స్, షట్‌డౌన్ పనులు. ప్రాజెక్టులో ఉన్నప్పుడే మెయింటెనెన్స్ కాంట్రాక్టరు దగ్గరికి మారే దారి చూసుకో. ఓటీ తక్కువ వస్తుంది, ఉద్యోగం ఉంటుంది.

కాగితాల సంగతి ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు, రెండే చెబుతాను. మన ప్రాంతం వాళ్లకు స్కూలు సర్టిఫికెట్‌లో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివర, ఆధార్‌లో మొదట ఉంటుంది. పాస్‌పోర్టుకు ముందే అన్నీ ఒకటి చేసుకో. రెండోది, లైసెన్సున్న ఏజెంటు తీసుకోగలిగింది 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతే. విదేశీ ఉద్యోగాలకు వెళ్లేవాళ్ల కోసం మన ప్రభుత్వం పెట్టిన ఈ-మైగ్రేట్ సైటులో అతని లైసెన్సు చూడు. వేలిముద్రలు, మెడికల్, కాంట్రాక్టు సంతకం హైదరాబాద్‌లోని కతార్ వీసా సెంటర్‌లో అవుతాయి. బేసిక్ గడి చదవాల్సింది అక్కడే.

పొలం మాత్రం తాకట్టు పెట్టనివ్వకు. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500. నీ 1,200 బేసిక్‌లోంచి ప్రతి నెలా అది ముందు పోతుంది, నువ్వు జ్వరంతో పడుకున్న నెలలో కూడా. ఈ ఏజెంటు 30,000కు దిగకపోతే వదిలేసి ఇంకొకణ్ని చూడు. వీసా ఆరు నెలలు ఆలస్యమైనా ఆ ఆరు నెలలూ దొరగుడలో షీటు పని నేర్చుకో. కాంట్రాక్టు కాగితం వచ్చాక ఫొటో నాకు పంపు, సంతకం పెట్టకముందే.