ఇంగ్లిష్ సందేహాలు: స్నేహితుడికి ఈమెయిల్ రాసేటప్పుడు

ప్రశ్న: ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్ జనరల్ ట్రైనింగ్ పరీక్ష రాయబోతున్నాను. స్నేహితులకు రాసే లేఖలో ఎన్ని ఇడియమ్స్ (జాతీయాలు) వాడాలి? వంద దాకా బట్టీ పట్టాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఇన్ని వాడాలన్న లెక్కేమీ లేదండీ. లేఖకు కనీసం 150 పదాలు, సుమారు 20 నిమిషాలు. ప్రశ్నలో ఇచ్చిన మూడు అంశాలూ రాశారా, ఎదుటివాళ్లు స్నేహితులన్న సంగతి మాటతీరులో తెలుస్తోందా అన్నవి ముఖ్యం. ఇడియమ్ ఒకటి, మహా అయితే రెండు. కుండపోత వానకు వాడే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లోనే ఎక్కువ. మాటల్లో 'ఇట్స్ పోరింగ్' అనేస్తారు. 'అండర్ ద వెదర్' ఒంట్లో కాస్త నలతగా ఉన్నప్పటి మాట. ఆపరేషన్ అయిన మనిషి గురించి అలా రాస్తే వెటకారంలా ఉంటుంది.

వందలోంచి పది ఉంచుకోండి. ఒక్కోదానితో నిన్నటిది, రోజూ జరిగేది, రేపటిది అని మూడు వాక్యాలు రాయండి. అప్పుడు ఇడియమ్‌లో ఏ మాట మారుతుందో, ఏది మారదో తెలుస్తుంది. 'స్పిల్ ద బీన్స్' (రహస్యం బయటపెట్టడం)లో క్రియ 'స్పిల్డ్' అవుతుంది కానీ 'బీన్స్' ఏకవచనం కాదు. 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్' ఎప్పుడో గానీ చేయని పనుల గురించి చెప్పేది. 'యెస్టర్‌డే' పక్కన ఇమడదు.

ప్రశ్న: టెన్స్ రూల్స్ అన్నీ వచ్చు. ఈమెయిల్ రాస్తే మాత్రం తప్పులు దొర్లుతున్నాయి. కారణం?

జవాబు: 'రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను', 'ఇప్పుడే వెళ్తున్నాను', '2019 నుంచి వెళ్తున్నాను' – తెలుగులో మూడింటికీ ఒకే క్రియ. ఇంగ్లిష్‌లో వరసగా 'ఐ గో', 'ఐయామ్ గోయింగ్', 'ఐ హావ్ బీన్ గోయింగ్'. మనసులో తెలుగు వాక్యం కట్టుకుని రాస్తే మూడు చోట్లా '-ఇంగ్' వచ్చి కూర్చుంటుంది. 'ఐయామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019' అలా పుట్టిందే.

రాసేటప్పుడు రూల్స్ తలచుకోకండి, చేయి ఆగిపోతుంది. రాయడం అయ్యాక రెండు నిమిషాలు పెట్టుకుని కాలం చెప్పే మాటల కింద గీత గీయండి. 'సిన్స్ 2019' లాంటిది ఉండి, పని ఇంకా సాగుతుంటే 'హావ్' ఉండాలి. 'యెస్టర్‌డే', 'ఎగో', 'లాస్ట్ వీక్' ఉంటే ఆ 'హావ్' తీసేయాలి: 'ఐ మెట్ హిమ్ యెస్టర్‌డే'. రాబోయే సంగతికి కూడా 'వచ్చినప్పుడు' లాంటి అర్థంలో వాడే 'వెన్' తర్వాత 'విల్' వద్దు. 'వెన్ యు కమ్' చాలు. 'ఐయామ్ హావింగ్ టూ సిస్టర్స్' అసలే వద్దు, 'ఐ హావ్'.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మిత్రుడికి 'ఐయామ్ రైటింగ్ టు ఇన్ఫార్మ్ యు' అని మొదలుపెట్టి 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగించవచ్చా?

జవాబు: అది బ్యాంకు మేనేజరుకు రాసే పద్ధతి. 'హాయ్' అని పేరు రాసి, 'థ్యాంక్స్ ఫర్ యువర్ ఈమెయిల్' అనో 'సారీ ఐ హావెంట్ రిటన్ ఫర్ ఏజెస్' అనో మొదలుపెట్టండి. 'కైండ్లీ', 'డూ ద నీడ్‌ఫుల్' తీసేసి 'కుడ్ యు' వాడండి. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2021' అంటే మన దగ్గర చదువు పూర్తయినట్టు. అక్కడివాళ్లకు స్పృహ తప్పి పడిపోయినట్టు. 'గ్రాడ్యుయేటెడ్' అనండి. చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు సీ యు' కాదు, 'సీయింగ్ యు'. ఆ కింద 'టేక్ కేర్', మీ పేరు. పరీక్షలోనైతే చిరునామా రాయనక్కర్లేదు. వాట్సాప్ పొట్టి స్పెల్లింగులు మాత్రం పనికిరావు.