మోవర్ స్టార్ట్ అయి ఊగిపోతోందా? కొత్తది కొనకండి

చలికాలమంతా గరాజ్‌లో పడి ఉన్న లాన్ మోవర్ (గడ్డి కోసే మిషన్) తాడు లాగగానే స్టార్ట్ అవుతోంది, కానీ శబ్దం పెరుగుతూ తగ్గుతూ కాసేపటికి ఆగిపోతోంది, స్పార్క్ ప్లగ్ మార్చినా లాభం లేదు, కొత్తది కొనాలా అని అడిగారు. కొనక్కర్లేదు. ప్లగ్ జోలికి ఇక పోకండి. నన్నడిగితే తప్పంతా ట్యాంకులో మిగిలిపోయిన పాత పెట్రోల్‌దే.

ఇంజన్ ఊగుతున్నప్పుడు చోక్ (లోపలికి వెళ్ళే గాలిని తగ్గించే మీట) సగం వేసి చూడండి. వెంటనే కుదురుకుంటే పెట్రోల్ చాలడం లేదని అర్థం. చోక్ లేని మోడల్ అయితే ప్రైమర్ బల్బు (పెట్రోల్‌ని లోపలికి నెట్టే రబ్బరు బుడగ) నొక్కండి, క్షణం సేపైనా తేరుకుంటే అదే జబ్బు.

మా బావగారి మోవర్‌ది సరిగ్గా ఇదే కథ. అక్కావాళ్ళు డాలస్ పక్కన ఉంటారు. మార్చి చివరికి బెర్ముడా గడ్డి పచ్చబడుతుంది, వెనకే హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం) వాళ్ళ ఉత్తరం వస్తుంది. గడ్డి కాస్త పెరిగితే ఫొటో తీసి పంపే వాళ్ళకి వీధి చివర నెలల తరబడి వెలగని లైటు మాత్రం కనబడదు! రిపేరు షాపులో అడిగితే, మిషన్ తెరవకుండానే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపే భాగం) మొత్తం మార్చాలి, వంద డాలర్ల పైనే అవుతుందన్నారట. "దానికి ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుంది, వదిలెయ్ బామ్మర్దీ" అని బావగారు దాన్ని చెత్తబండి కోసం బయట పెట్టేశారు. నేను మళ్ళీ లోపలికి లాక్కొచ్చాను.

ముందు ప్లగ్ వైరు పీకేసి, పెట్రోల్ పైపుకి క్లాంపు బిగించాం. కార్బురేటర్ కింద బౌల్ విప్పితే వచ్చింది పెట్రోల్ వాసన కాదు, పాత వార్నిష్ కంపు. అడుగున తెల్లటి పొడి, దాని మీద గోటితో గీకితే గానీ రాని జిగురు. ఆ మోడల్లో బౌల్‌ని పట్టి ఉంచే బోల్టే జెట్ కూడా, అంటే పెట్రోల్ కొలతగా వెళ్ళే దారి. దాని పక్కన సన్నటి రంధ్రం ఉండాలి. బావగారు కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూసినా కనబడలేదు, అంతగా పూడిపోయింది. పాడైన చార్జర్ వైరు కోసి, అందులోంచి ఒక్క రాగి పోగు లాగి, కార్బ్ క్లీనర్ కొడుతూ నెమ్మదిగా దూర్చాం. ఆకాశం వైపు ఎత్తి చూస్తే చుక్కంత వెలుతురు! పాత పెట్రోల్ పారబోసి తాజాది పోశాక ఇంజన్ ఒక్క తీరున నడిచింది. ఖర్చు కార్బ్ క్లీనర్ డబ్బా ఒక్కటే.

అమెరికా బంకుల్లో మామూలుగా దొరికేది 10 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. కారులో ట్యాంకు ఎప్పటికప్పుడు ఖాళీ అవుతుంది కాబట్టి తెలియదు. మోవర్‌లో శరదృతువులో మిగిలింది వసంతం దాకా నిలవ ఉండి జిగురు కడుతుంది. జెట్ పూడితే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. స్పీడు పడిపోగానే ఇంజన్ స్పీడు నిలబెట్టే గవర్నర్ థ్రాటిల్ తెరుస్తుంది, ఇంజన్ లేస్తుంది, మళ్ళీ పడుతుంది. మీరు వింటున్న ఊగుడు అదే. ఇథనాల్ 15 శాతం కలిసినది, పంపు మీద 88 అని ఉండేది, మోవర్‌లో పోయడం అక్కడ నిషేధం. స్టిక్కర్ మీద రాసే ఉంటుంది. అయినా నాలుగు సెంట్లు తక్కువని క్యాన్లలో అదే పట్టుకెళ్తున్నవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇండియాలో ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్. గుంటూరు దగ్గర మా నాన్న పొలానికి మందు కొట్టే తైవాన్ స్ప్రేయర్ పెట్రోల్ ట్యాంకు ఒంపేసి, ఉన్న చుక్క కూడా అయిపోయి ఇంజన్ ఆగేదాకా నడిపి, అప్పుడే అటక ఎక్కిస్తారు. మీరూ సీజన్ చివర అలాగే చేయండి, లేదా ఇథనాల్ లేని పెట్రోల్ వాడండి.

చోక్ వేసినా కుదురుకోకపోతే ఎయిర్ ఫిల్టర్ చూడండి. బాగా నడిచి నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత కాస్త వదులు చేయండి, మూతలో గాలి రంధ్రం పూడినా ఇంతే. బ్లేడు ఎప్పుడైనా రాయికో మొద్దుకో గట్టిగా తగిలి ఉంటే మాత్రం కార్బురేటర్‌ని వదిలేసి ఫ్లైవీల్ కీ (ఇంజన్ చక్రాన్ని ఇరుసుకి సరిగ్గా పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) చూడాలి, అది తెగితే స్పార్క్ పడే టైమింగ్ తప్పుతుంది. మిషన్ వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, లేకపోతే ఇంజన్‌లోని ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగుతుంది. ప్లగ్ వైరు పీకకుండా బ్లేడు దగ్గర చెయ్యి పెట్టొద్దు.