తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే తామర

ప్రశ్న: మాది ఒంగోలు. చెన్నై అంబత్తూరులో ఉద్యోగం, హాస్టల్లో ఉంటాను. గజ్జల్లో, నడుం చుట్టూ గుండ్రటి మచ్చలు, ఒకటే దురద. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ రాస్తే మూడు రోజుల్లో తగ్గుతుంది. ఆపగానే ఇంకా పెద్దగా వస్తుంది. ట్యూబ్ ఫోటో పంపుతున్నాను. దీనికన్నా పవర్ ఉన్న క్రీమ్ చెప్పండి మేడమ్.

జవాబు: ఆ పవరే మీ కొంప ముంచింది బాబూ. ట్యూబ్ వెనక చిన్న అక్షరాలు చదవండి: క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినాఫిన్. నాలుగింటిలో తామర మీద పనిచేసేది చివరిదొక్కటే. మొదటిది చాలా గట్టి స్టెరాయిడ్. దురదని, ఎర్రదనాన్ని అణిచేస్తుంది, వాటితోపాటు తామర తెచ్చే ఫంగస్‌ని అడ్డుకునే చర్మపు శక్తిని కూడా. మీకు హాయిగా ఉన్న ఆ మూడు రోజులూ ఫంగస్ మేస్తూనే ఉంది. పైగా గజ్జల్లో చర్మం పల్చన. ఈ క్రీములు నెలల తరబడి రాస్తే అక్కడ చారలు పడతాయి, అవి పూర్తిగా పోవు.

ట్యూబ్ ఆపేయండి. మొదట్లో దురద రెచ్చిపోతుంది, చెయ్యి మళ్లీ దాని మీదికే పోతుంది. ఆగండి. రెండు మూడు రోజుల్లోనే చర్మం డాక్టర్ని కలవండి. మచ్చ అంచు నుంచి కాస్త పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే ఫంగస్ దారాల్లా కనబడుతుంది. చిన్న పరీక్షే. ఇంత పాకాక ఒట్టి క్రీమ్ చాలదు, ఇట్రాకొనజోల్ లాంటి క్యాప్సూల్స్ వారాల తరబడి పడతాయి. మన దేశంలో ఇప్పుడు బాగా వ్యాపించిన ఒక రకం ఫంగస్‌కి టెర్బినాఫిన్ చాలాసార్లు పనిచేయడం లేదు. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది, ఏం చేస్తాం!

ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ భోజనం చేసిన వెంటనే వేసుకోవాలి. పొద్దున్నే గ్యాస్ మాత్ర మింగే అలవాటుంటే డాక్టర్‌కి చెప్పండి. కడుపులో ఆమ్లం తగ్గితే ఈ మందు ఒంటికి సరిగా పట్టదు. లివర్, గుండె జబ్బులున్నా, కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్నా ముందే చెప్పాలి. డాక్టర్ రాసిచ్చిన పైపూత మాత్రం మచ్చ దాటి రెండు సెంటీమీటర్ల వరకు రాయాలి. చర్మం మామూలుగా కనబడ్డాక కూడా కనీసం రెండు వారాలు.

ఇంకొకటి, మొలతాడు. చెన్నై ఉక్కలో అది రోజంతా తడిగానే ఉంటుంది, ఫంగస్‌కి అంతకన్నా మంచి చోటు దొరకదు. అమ్మకి నేను చెప్పానని చెప్పి తీసేయండి. రూమ్మేట్ తువ్వాలు వాడొద్దు. ఆరని జీన్స్ వేసుకుని బండెక్కొద్దు. రూమ్మేట్లలో ఇంకెవరైనా గోక్కుంటుంటే వాళ్లనీ తీసుకెళ్లండి, లేకపోతే వాళ్ల నుంచి మళ్లీ మీకే వస్తుంది.

ప్రశ్న: పెరంబూరులో ఉంటాను. ఐదో నెల. కింద దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట. మా వదిన ఫ్లూకొనజోల్ ఒక్క మాత్రతో తగ్గిపోయిందంటోంది. వేసుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. గర్భంతో ఉన్నప్పుడు ఆ మాత్ర మింగకూడదు. మీరు చెప్పినదాన్ని బట్టి ఈస్ట్ (ఇదీ ఒక రకం ఫంగసే) ఇన్‌ఫెక్షన్ లాగే ఉంది కానీ, తెల్లబట్ట ప్రతిదీ అది కాదు. మీ గైనకాలజిస్ట్‌కి చూపించండి, షుగర్ కూడా ఒకసారి చూడమనండి. ఈస్టే అయితే సాధారణంగా క్లోట్రిమజోల్ మాత్రలు లోపల పెట్టుకోమంటారు, రాత్రిపూట, ఏడు రోజులు. డబ్బాలో వచ్చే ప్లాస్టిక్ గొట్టం ఈ సమయంలో వాడకుండా, చేతులు శుభ్రంగా కడుక్కుని వేలితోనే పెట్టుకోవడం మేలు.