మైకు ముందు మూడు నిమిషాలు

చి. కిరణ్‌కు,

ఆశీస్సులు. వర్జీనియాలో మీ లౌడన్ కౌంటీ బడులను నడిపే స్కూల్ బోర్డు మీటింగులో మాట్లాడబోతున్నావని, "ఈసారి వాళ్లని కడిగి పారేస్తాను" అంటున్నావని మీ పిన్ని చెప్పింది. కడుగు, కాదనను. ఎవర్ని, ఎంతసేపు, ఏ మాటతో అన్నది మాత్రం ఇంట్లోనే తేల్చుకుని వెళ్లు.

గట్టిగా గద్దించాలా, మెత్తగా చెప్పాలా అన్న తగువు అమెరికా కన్జర్వేటివ్‌లలో పాతదే. 1964లో రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్ శాన్‌ఫ్రాన్సిస్కోలో పార్టీ మహాసభలో, స్వేచ్ఛ కోసం అతికి పోయినా తప్పులేదన్నాడు. హాలు హోరెత్తింది. నవంబరు ఎన్నికలో చేతికొచ్చినవి ఆరు రాష్ట్రాలు. ఇంచుమించు అవే భావాలతో 1980లో రీగన్ 44 గెలిచాడు. డిబేట్‌లో, వృద్ధుల ఆరోగ్య బీమా మెడికేర్ మీద అప్పటి అధ్యక్షుడు కార్టర్ తగులుకుంటే, నవ్వుతూ "మళ్లీ మొదలెట్టారూ!" అన్నట్టు ఒక్క ముక్క అని ఊరుకున్నాడు. మాటతీరే గెలిపించిందనను. పెరిగిన ధరలు, ఇరాన్‌లో అమెరికన్లు బందీలైన వ్యవహారం కలిసొచ్చాయి.

అలాగని రీగన్ ఎప్పుడూ మెత్తన కాదు. అదే ఏడాది ఫిబ్రవరిలో, పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే పోటీలో భాగంగా నాషువా ఊళ్లో జరిగిన డిబేట్‌లో మోడరేటర్ మైకు కట్టెయ్యమంటే, ఈ మైకుకు డబ్బు కట్టింది నేనని గద్దించాడు. ఆ కోపం చెల్లింది. ఎందుకంటే అన్యాయం అందరి కళ్లెదుటే జరుగుతోంది, కోపం ఒక్క వాక్యంతో ఆగింది, ఎవరి ఇంటి మీదికీ పోలేదు. ఈ మూడూ కుదిరితే నువ్వూ గొంతు పెంచు.

మీ కౌంటీ సంగతే చూడు. 2021 జూన్ 22న, జాతి గురించిన పాఠాలు, ట్రాన్స్‌జెండర్ విద్యార్థుల విధానం మీద అరుపులు ఆగక బోర్డు ప్రజల వంతును మధ్యలోనే మూసేసింది. హాలు ఖాళీ చేయించారు, ఇద్దరిని అరెస్టు చేశారు. పేరు రాయించుకుని వరుసలో ఉన్నవాళ్లు నోరు విప్పకుండానే ఇంటికెళ్లారు. ఆ రభస వల్లే సంగతి దేశమంతా తెలిసిందంటారు, నిజం లేకపోలేదు. నా లెక్కలో ఓట్లు రాల్చింది మాత్రం వేరే. స్కూళ్లు ఏం నేర్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదన్న అర్థంలో ఆ ఏటి వర్జీనియా గవర్నరు ఎన్నికలో డెమొక్రాట్ల అభ్యర్థి మెకాలిఫ్ సెప్టెంబరు డిబేట్‌లో నోరు జారాడు. రిపబ్లికన్ ప్రత్యర్థి యంగ్‌కిన్ ఆ వీడియో ముక్కనే ప్రకటనల్లో తిప్పి తిప్పి వేయించాడు. సుమారు రెండు శాతం తేడాతో గవర్నరయ్యాడు.

ఇక అసలు పని. మూడు నిమిషాలిస్తే ఇంగ్లీషులో 350 పదాలకు మించి రాయకు. మనవాళ్లం మైకు దొరికితే పరుగందుకుంటాం, అదో జబ్బు. మాట్లాడేవాళ్లు ఎక్కువైతే టైము కోసేస్తారు, 120 పదాల కాపీ ఇంకోటి జేబులో పెట్టుకో. మొదటి వాక్యంలో పేరు, నీ డిస్ట్రిక్టు, అజెండా నంబరు. రెండోదాంట్లో నువ్వు అడిగేదేమిటో. ఆ తర్వాత ఒకే ఒక్క రుజువు: పుస్తకమైతే పేజీ, బడ్జెట్టయితే లైను. కాగితం దగ్గర లేకపోతే వర్జీనియా సమాచార చట్టం కింద రాసి అడుగు. ఐదు పనిదినాల్లో జవాబివ్వాలి, మరో ఏడు పొడిగించుకునే వీలు వాళ్లకుంది. కాబట్టి మీటింగుకు మూడు వారాల ముందే పెట్టు.

"మార్క్సిస్టులు", "దేశద్రోహులు" లాంటివి డ్రాఫ్టులో ఉంటే కొట్టెయ్. తిట్టు పడిందా, నీ పేజీ నంబరు ఎవరికీ గుర్తుండదు, వార్తలో తిట్టే మిగులుతుంది. ఇంకోటి. పక్క కౌంటీ ఫెయిర్‌ఫ్యాక్స్‌లో పేరున్న సైన్సు బడి టీజే (థామస్ జెఫర్సన్) హైస్కూలు ప్రవేశపరీక్ష 2020లో ఎత్తేసినప్పుడు మండిపడ్డ తల్లిదండ్రుల్లో డెమొక్రాట్లకు ఓటేసేవాళ్లూ ఉన్నారు. పార్టీని తిడితే వాళ్లు నీ పక్కన నిలబడలేరు. బోర్డు సభ్యుల పిల్లల ఊసు అసలే ఎత్తకు.

సభ నడిపే ఛైర్‌ వైపు చూసి మాట్లాడు, వెనక్కి తిరిగి చప్పట్లు అడుక్కోకు. ఎవరైనా వెకిలిగా అరిస్తే ఆగు, ఛైర్‌ సర్దేదాకా నోరెత్తకు. బెల్లు మోగితే వాక్యం సగంలో ఉన్నా ఆపేసి, కాపీ క్లర్కుకిచ్చి కూర్చో. నీతో వచ్చే నలుగురూ ఒకే పాట పాడకుండా తలా ఒక అంశం పంచుకోండి.

డ్రాఫ్టు ఆదివారంలోగా పంపు. చదివి ఫోన్ చేస్తాను.

నీ బాబాయి