ఎకరం సంగతి తర్వాత, ముందు సెస్నా ఎక్కించండి

ప్రశ్న: మా బాబు ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. రోజూ మూడు గంటలు కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ మీదే ఉంటాడు. ఢిల్లీ నుంచి బోయింగ్ 737 తెచ్చి శంషాబాద్‌లో దించేస్తున్నాడు. లక్షన్నర పెట్టి యోక్ (విమానం స్టీరింగు), పెడల్స్ కొనాలా, 60 వేలు కట్టి వారాంతపు సిమ్యులేటర్ కోర్సులో చేర్చాలా? ఈ గంటలు లైసెన్సుకు పనికొస్తాయా? పైలట్‌ని చెయ్యాలంటే మాకు ఎకరం అమ్మక తప్పదు. - ఒక తండ్రి, ఖమ్మం జిల్లా

జవాబు: చివరి వాక్యమే మీ అసలు ప్రశ్న. కొనాలా, చేర్చాలా అన్నది పైకి చెప్పింది. ముందుగా ఒక మాట: మీ అబ్బాయి చెడిపోవడం లేదు. సీపీఎల్‌కు, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సుకు, కనీస వయసు 18, ఆ పైన డిగ్రీ చేసి చేరేవాళ్లూ ఉన్నారు. కొంపలేం మునిగిపోలేదు.

గంటల లెక్క తేలిక. సీపీఎల్‌కు కావలసిన 200 గంటల్లో ఇంటి కంప్యూటర్ మీద ఎగిరినవి ఒక్క నిమిషం కూడా చేరవు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్ మీద, అదీ శిక్షణలో భాగంగా చేసిన కొన్ని గంటలకే లెక్క. వారాంతపు కోర్సు సర్టిఫికెట్ గోడకు బాగుంటుంది.

ఇక 737 దించడం. అందులో సగం పని ఆటోపైలట్‌ది, మీవాడు నొక్కింది బటన్లు. విమానం అంటే ఏమిటో తెలియాలంటే సిమ్యులేటర్‌లోనే సెస్నా 172 అనే చిన్న విమానం తీసుకుని, బేగంపేట రన్‌వే మీద పెట్టి, ఒక్క సర్క్యూట్ చేత్తో తిప్పమనండి. అంటే లేచి, చుట్టూ తిరిగి, అదే రన్‌వే మీద దిగడం. రడ్డర్ అంటే ముక్కును కుడిఎడమలకు తిప్పే తోక పలక; సెట్టింగుల్లో ఆటో రడ్డర్ తీసేయాలి, గాలి లేకుండా పెట్టాలి. పూర్తి థ్రాటిల్ (ఇంజిన్ శక్తి) ఇవ్వగానే ముక్కు ఎడమకు లాగుతుంది, కుడి రడ్డర్‌తో ఆపాలి. వేగం 55 నాట్ల దగ్గర ముక్కు మెల్లగా ఎత్తి, 75 దగ్గర పట్టి ఎక్కాలి. బేగంపేట నేలే సముద్రమట్టానికి సుమారు 1,740 అడుగుల ఎత్తు, కాబట్టి ఎత్తు చూపే ఆల్టీమీటర్ 2,740 చూపినప్పుడు ముక్కు దించి నిలపాలి. వెయ్యి అడుగులే కదా అని మీటరు మీద 1,000 కోసం వెతికితే ఆ అంకె ఎప్పటికీ కనిపించదు.

అందరూ తడబడేది ట్రిమ్ దగ్గర, అంటే స్టిక్ పట్టిన చేతి మీద బరువు తగ్గించే చక్రం దగ్గర. ట్రిమ్ తిప్పి ముక్కు కదిలిస్తారు. తప్పు. ముందు స్టిక్‌తో ముక్కును కావలసిన చోట పట్టుకోవాలి, వేగం కుదురుకోనివ్వాలి, ఆ పైన చేతి మీద బరువు పోయేదాకా ట్రిమ్ తిప్పాలి. ఇంట్లోది స్ప్రింగు జాయ్‌స్టిక్ కదా, బరువు పోయినట్టు చేతికి తెలియదు. ట్రిమ్ తిప్పుతూనే స్టిక్‌ను కొద్దికొద్దిగా మధ్యకు వదలాలి. చెయ్యి తీసేశాక నిమిషం పాటు ఎత్తు 100 అడుగులకు మించి మారకపోతే అబ్బాయికి విషయం అర్థమైనట్టే.

దిగేటప్పుడు ఫుల్ ఫ్లాప్స్ (రెక్కల వెనక కిందికి దించే పలకలు), 65 నాట్లు. రన్‌వేకి కిందుగా వస్తున్నామని కంగారుపడి ముక్కు పైకి లాగుతారు. వేగం పడిపోయి విమానం ఇంకా దిగిపోతుంది, మరీ లాగితే స్టాల్ అవుతుంది, అంటే రెక్కలు విమానాన్ని మోయలేవు. వేగం ముక్కుతో, ఎత్తు థ్రాటిల్‌తో చూసుకోవాలి. అసలు విమానంలో ఇన్‌స్ట్రక్టర్లు విసుక్కునేదీ సిమ్యులేటర్ పిల్లల కళ్లు మీటర్లకే అతుక్కుపోతాయనే. మానిటర్ కింది సగానికి చార్టు కాగితం అంటించి, దిగంతాన్ని చూస్తూ నడపమనండి. ఆ కాగితం 60 వేల కోర్సుకు సరిసాటి.

పోలిక అడిగారు కాబట్టి: రెండూ వద్దు. స్టిక్ తిప్పితే రడ్డర్ కదిలే జాయ్‌స్టిక్ నాలుగైదు వేలకు వస్తుంది, ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్ ఉచితం. వారానికి మూడు రోజులు, 40 నిమిషాలు. రోజూ మూడు గంటలైతే అది ఆటే.

మీకు కోపం వచ్చినా ఒకటి చెప్పాలి. మీ ఉత్తరంలో పొలం ఉంది, లక్షన్నర ఉంది, కానీ ‘నేను పైలట్ అవుతాను’ అని మీవాడు అన్న మాట ఎక్కడా లేదు. సిమ్యులేటర్ ఇష్టమైతే పైలట్టే కావాలని ఎవరన్నారు? ఆ ఇష్టం ఏరోనాటికల్‌ వైపూ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వైపూ పోవచ్చు. పైలట్ దారి మీద ఇప్పుడున్న మోజుపై నాకు అనుమానాలున్నాయి. శిక్షణకు అరకోటి దాటుతుంది, లైసెన్సు చేతికొచ్చాక ఏ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే అర్హత) ఖర్చు వేరే. అప్పుడైనా ఉద్యోగం వెంటనే వస్తుందన్న హామీ లేదు, అప్పు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. బ్రోషర్‌లో టోపీ పెట్టుకున్న కుర్రాడి ఫొటో ఉంటుంది, ఖాళీగా కూర్చున్న రెండేళ్ల ఫొటో ఉండదు.

సరే, అబ్బాయే గట్టిగా కావాలంటే రిజిస్ట్రీ ఆఫీసుకు కాదు, ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గరికి వెళ్లి క్లాస్ 2 మెడికల్ చేయించండి, తర్వాత క్లాస్ 1. కళ్లద్దాలు ఉన్నంత మాత్రాన అడ్డు కాదు. రంగులు గుర్తించడంలో లోపముంటే మాత్రం కష్టం, అది ఫీజు కట్టాక తెలియడం ఇంకా కష్టం.

ఈ ఆదివారం పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, సలహాలు ఇవ్వకండి. పది సర్క్యూట్లు తిప్పమనండి. ఎత్తు తప్పిందని తనంతట తనే మళ్లీ మొదలుపెట్టినా, మూడో రౌండుకే ఆటోపైలట్ బటన్ వెతుక్కున్నా, ఆ సంగతి నాకు రాయండి.