రెండు నెలలుగా ఎలుకను ముట్టని బాల్ పైథాన్: ముందు ఏం చూడాలి?

డల్లాస్‌లో మీరు పెంచుకుంటున్న రెండేళ్ల మగ బాల్ పైథాన్ (చిన్న జాతి కొండచిలువ) నవంబరు నుంచి ఏమీ తినడం లేదని, నోరు తెరిచి బలవంతంగా తినిపించవచ్చా అని అడిగారు. ఆ పని మాత్రం ఇంట్లో చేయకండి. నోరు, అన్నవాహిక గాయపడే ప్రమాదం ఉండడమే కాక, బెదిరిన పాము మింగినదాన్ని కక్కేసి, తిండికి మరింత దూరమవుతుంది.

న్యూజెర్సీలో నేను కొన్నేళ్లుగా పెంచుతున్న మగ పాము కూడా చలికాలం వస్తే తిండి మానేస్తుంది. పశ్చిమ, మధ్య ఆఫ్రికాకు చెందిన ఈ జాతిలో, ముఖ్యంగా ఎదిగిన మగవాటిలో, ఇలా నెలల తరబడి తినకపోవడం మామూలే. అందువల్ల ఎన్ని రోజులైందన్నదాని కంటే బరువు ఎంత తగ్గిందన్నదే ముఖ్యం. వంటింటి డిజిటల్ త్రాసు మీద వారానికొకసారి తూచి రాసుకోండి. బరువు పది శాతానికి మించి తగ్గినా, వెన్నెముక పైకి తేలినా, ఊపిరిలో ఈల వంటి చప్పుడు వచ్చినా, నోటి దగ్గర బుడగలు కనిపించినా సరీసృపాలకు వైద్యం చేసే పశువైద్యుడికి చూపించాలి.

ఇవేవీ లేకపోతే ముందుగా సరిచూడవలసింది పాము ఉండే చోటు. అడవిలో ఇది పగలంతా ఎలుకల బొరియల్లోనో చెదపుట్టల్లోనో ముడుచుకుని గడుపుతుంది కాబట్టి, నాలుగు వైపులా గాజు ఉండి మనుషులు తిరిగే గదిలో పెట్టిన తొట్టిలో దానికి భద్రత అనిపించదు, భద్రత లేని చోట అది వేటాడదు. నా పాము విషయంలో అన్నిటికంటే ఎక్కువగా పనిచేసింది తొట్టికి మూడు వైపులా నల్ల కాగితం అంటించి, వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి చొప్పున ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూళ్లు రెండు పెట్టడమే. వెచ్చని వైపు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, చల్లని వైపు 25 నుంచి 27 డిగ్రీలు, గాలిలో తేమ 60 శాతం దాకా ఉండాలి. చలికాలంలో ఇంటి హీటరు తేమను పీల్చేస్తుందన్న సంగతి చాలామంది గమనించరు. తొట్టిని వెచ్చబరిచే హీట్ మ్యాట్‌కు, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.

ఆ తర్వాతే ఎలుక సంగతి. గడ్డకట్టిన ఎలుకను రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పెట్టే ముందు ప్లాస్టిక్ సంచిలో ఉంచి వేడి నీళ్లలో ముంచి, తల భాగం 38 డిగ్రీల దాకా వెచ్చబడేలా చూడండి, మైక్రోవేవ్ వద్దు. పాము పై పెదవి వెంట ఉన్న గుంటలు వేడిని పసిగడతాయి కాబట్టి, చల్లగా ఉన్న ఎలుకను అది వేటగా గుర్తించకపోవచ్చు. చీకటి పడ్డాక పొడవైన పట్టకారుతో అందించి, తీసుకోకపోతే గూటి ముందు వదిలేసి ఉదయాన్నే తీసేయండి. బతికున్న ఎలుకను వదిలి వెళ్లకండి, ఆకలి లేని పామును అది కొరికి పెద్ద గాయాలే చేయగలదు.

నాగుల చవితి నాడు ఫోన్ చేసిన మా మేనత్త పాలు పెట్టి చూడమంది. పాలు పాముకు ఆహారం కావు, జీర్ణం కూడా కావు. శుభ్రమైన నీళ్ల గిన్నె మాత్రం ఎప్పుడూ ఉండాలి.

తిరస్కరించిన ప్రతిసారీ మర్నాడే మళ్లీ పెట్టడం వల్ల పాము ఇంకా బెదురుతుంది, కనీసం పది రోజుల వ్యవధి ఇచ్చి, ఆ మధ్యలో తూచడానికి తప్ప చేతిలోకి తీసుకోకండి. కళ్లు నీలంగా మసకబారి ఉంటే కుబుసం విడిచేదాకా ఆగండి. మీకు అమ్మినవారు దానికి చిట్టెలుకలు పెట్టేవారా, పెద్ద జాతి ఎలుకలు పెట్టేవారా అని కూడా కనుక్కోండి, ఎందుకంటే ఒకదానికి అలవాటుపడిన బాల్ పైథాన్ రెండోదాన్ని తిండిగానే లెక్కచేయకపోవడం తరచుగా జరుగుతుంది.