కొత్త నగరంలో మనం ఉండే పేటని నడిచి తెలుసుకోవడం ఎలా?

ఉద్యోగం కోసం కొత్త నగరానికి వచ్చి రెండు వారాలైందనీ, ఫోన్‌లో మ్యాప్ చూడకుండా ఇంటి పక్క సందు కూడా దాటలేకపోతున్నాననీ, నడిచి తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ అడిగారు. "నాకు దారులు గుర్తుండవు, పుట్టుకతోనే అంతేనేమో" అని కూడా రాశారు. ఆ మాట దగ్గరికి తర్వాత వస్తాను.

నేను ఇప్పటికి మూడు నగరాలు మారాను. మొదటి నగరంలో ఏడాది ఉన్నా మా పేట నాకు తెలియలేదు. మూడోదాంట్లో నెల తిరిగేసరికి ఎటు నుంచి వచ్చినా ఇల్లు చేరగలిగాను. నేను నడిచే పద్ధతి మార్చుకోవడం వల్లే ఈ తేడా వచ్చింది.

మొదటి నగరంలో ఒక సాయంత్రం ఇంటికి పదిహేను నిమిషాల దూరంలో ఫోన్ ఆగిపోయింది. చీకటి పడుతోంది. అరగంట క్రితం నేను నడిచిన వీధిలోనే నిలబడి ఉన్నాను, కానీ అక్కడ ఒక్కటీ చూసినట్టు అనిపించలేదు. చాలా టెన్షన్ పడ్డాను. నాలుగైదు సందులు తిరిగాక ఒక ఇనుప గేటు కనబడింది. దాని కింది రేకు ఊడిపోతే పసుపుపచ్చ కరెంటు వైరుతో ఊచలకి కట్టేశారు, వైరు చివర రెండు ముళ్లు వేసి ఉన్నాయి. పొద్దున ఆఫీసుకి వెళ్తూ చెప్పు పట్టీ సరిచేసుకోవడానికి ఆ గేటు ముందే వంగాను. అక్కడి నుంచి ఇంటికి దారి తెలిసింది. ఏడాది పాటు రోజూ నడిచిన దారిలో నాకు గుర్తున్నది ఆ ఒక్క గేటే. ఎందుకంటే అక్కడ ఒక్కచోటే ఫోన్ మీంచి కళ్లు తిప్పాను.

మ్యాప్ చెడ్డదని చెప్పడం లేదు, నేను ఇప్పటికీ వాడతాను. కానీ ఎక్కడ తిరగాలో అది చెబుతుంటే చుట్టూ ఏముందో చూడాల్సిన అవసరం మనకి ఉండదు. పైగా ఎత్తైన భవనాల మధ్య ఉపగ్రహాల సిగ్నల్ గోడలకి తగిలి ఆలస్యంగా ఫోన్‌కి చేరుతుంది. అందుకే ఒక్కోసారి నీలం చుక్క మనం లేని పక్క వీధిలో కనబడుతుంది. బయల్దేరే ముందు మ్యాప్ ఒకసారి చూసుకుని, ఫోన్ బ్యాగులో పెట్టేయండి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ పనికొచ్చిన అలవాటు, మలుపు తిరిగిన ప్రతిసారీ నాలుగడుగులు వేసి ఆగి వెనక్కి తిరిగి చూడటం. వెళ్లేటప్పుడు కనబడే వీధి, వచ్చేటప్పుడు కనబడే వీధి ఒకటి కాదు. వెళ్లేటప్పుడు నీలం గోడ కనబడిన ఇంటికి, తిరిగి వచ్చేటప్పుడు మెట్లూ పూలకుండీలూ కనబడతాయి. మనం గుర్తు పెట్టుకున్నది నీలం గోడ కాబట్టి ఇది వేరే చోటు అనుకుంటాం. ఆ సాయంత్రం నాకు జరిగింది ఇదే. మలుపు దగ్గర నిలబడి "తిరిగి వచ్చేటప్పుడు నాకు ఇక్కడ ఏం కనబడుతుంది?" అని ఒక్క క్షణం చూసుకుంటే చాలు.

ఎంత దూరం నడవాలని అడిగితే, ఇంటి నుంచి పది నిమిషాలు. మామూలు నడక గంటకి 5 కిలోమీటర్లు అనుకుంటే అది దాదాపు 800 మీటర్లు. ఇంటి చుట్టూ అంత దూరంలో గుండ్రంగా గీత గీస్తే లోపల సుమారు 2 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. మనం రోజూ బతికేది చాలావరకు ఆ గుండ్రంలోనే. ఒక రోజు ఒక దిక్కుకి వెళ్లండి. వెళ్లిన దారిన కాకుండా పక్క వీధిలోంచి తిరిగి రండి. మర్నాడు ఇంకో దిక్కు. వీధులు వంకరగా ఉండే పేటల్లో "నాలుగుసార్లు కుడివైపు తిరిగితే మొదటికి వస్తాం" అన్న లెక్క పనిచేయదు, దాన్ని నమ్ముకోకండి.

ఏం చూడాలన్నది ఇంకో ప్రశ్న. కెవిన్ లించ్ అనే అమెరికన్ నగర నిపుణుడు బోస్టన్, జెర్సీ సిటీ, లాస్ ఏంజెలెస్ నగరాల్లో ఉండేవాళ్లతో మాట్లాడి, వాళ్లు తమ ఊరిని మనసులో ఎలా ఊహించుకుంటారో 1960లో రాశాడు. ఆయన తేల్చినవి అయిదు: దారులు, అంచులు, పేటలు, కూడళ్లు, ఆనవాళ్లు. మనందరం ఆనవాళ్ల మీదే పడతాం కానీ, నా అనుభవంలో కొత్తవాళ్లకి ముందు కావాల్సినవి అంచులు. రైలు పట్టాలు, కాలువ, పెద్ద ప్రహరీ గోడ, దాటడం కష్టమైన పెద్ద రోడ్డు, ఇలాంటివి. మూడో నగరంలో మా పేటకి ఒక పక్క రైలు పట్టాలున్నాయి. తప్పిపోయి పట్టాల దగ్గర తేలితే, ఇంటిని దాటి వచ్చేశానని తెలిసిపోయేది, వెనక్కి తిరిగేదాన్ని. పట్టాలు దాటడానికి దారులు రెండే, అవి గుర్తుంటే అవతలి పేట కూడా సగం తెలిసినట్టే.

ఆనవాళ్లుగా దుకాణాల బోర్డులు పెట్టుకోకండి. బోర్డులు మారతాయి, రాత్రి షట్టర్లు దించితే అన్నీ ఒకేలా ఉంటాయి. నీళ్ల ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మర్, బడి, రోడ్డు మీదికి వంగిన చెట్టు లాంటివి చూసుకోండి. చప్పుళ్లు కూడా పనికొస్తాయి. మా సందు మలుపులో మేడ మీద కుట్టుమిషన్లు పగలంతా ఆడేవి, ఆ చప్పుడు వినబడితే ఇల్లు వచ్చేసినట్టే.

ఇంటికి రాగానే కాగితం మీద, మ్యాప్ చూడకుండా, ఆ రోజు నడిచిన దారి గీయండి. బొమ్మ బాగుండాల్సిన పనిలేదు. గీస్తూ గీస్తూ ఒకచోట చెయ్యి ఆగిపోతుంది చూడండి, మర్నాడు నడవాల్సింది అక్కడే.

దారి అడగడానికి మొహమాటపడకండి. కాకపోతే "స్టేషన్‌కి ఇటేనా అండీ?" అని అడిగితే సరిగ్గా తెలియనివాళ్లు కూడా అవునంటారు. "స్టేషన్‌కి ఎటు వెళ్లాలండీ?" అని అడగండి. తెలిసినవాళ్లు చెయ్యి చూపించి చెప్తారు, తెలియనివాళ్లు తెలియదంటారు. రోజంతా ఒకేచోట ఉండే వాచ్‌మన్‌నో టైలర్‌నో అడగడం ఇంకా మంచిది. మర్నాడు వాళ్లే పలకరిస్తారు.

ఇక పుట్టుక సంగతి. లండన్ టాక్సీ డ్రైవర్లు లైసెన్సు కోసం దాదాపు 25,000 వీధులు గుర్తుపెట్టుకోవాలి. మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఎలినార్ మాగ్వైర్ బృందం వాళ్ల మెదడు స్కాన్ చేసి 2000లో ఫలితాలు ప్రచురించింది. దారులు గుర్తుంచుకోవడానికి తోడ్పడే హిప్పోక్యాంపస్ వెనక భాగం వాళ్లలో మిగతావాళ్ల కంటే పెద్దగా ఉంది. ఎన్నేళ్లుగా టాక్సీ నడుపుతున్నారో దాన్ని బట్టి ఆ తేడా పెరుగుతూ కనబడింది. దారులు గుర్తుండకపోవడం మీకు పుట్టుకతో వచ్చిందని అప్పుడే తేల్చేసుకోకండి. రెండు వారాలంటే చాలా తక్కువ.

మొదటి వారం పగటిపూటే తిరగండి. ఆడవాళ్లకి నేను ప్రత్యేకంగా చెప్పేది, ఎటు వెళ్తున్నారో ఎవరికో ఒకరికి చెప్పి వెళ్లండి. ఏ వీధైనా నచ్చకపోతే కారణం వెతుక్కోకుండా వెనక్కి తిరిగి వచ్చేయండి. తెలిసిన వీధులనే తర్వాత ఒకసారి చీకటి పడ్డాక, తోడు తీసుకుని నడవండి. ఏ మలుపులో వీధి దీపం లేదో ముందే తెలుస్తుంది. ఫోన్ ఫుల్ ఛార్జ్ చేసి బ్యాగులో ఉంచుకోండి, ఇంటి అడ్రస్, ఒక ఫోన్ నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. ఆ సాయంత్రం నా దగ్గర ఆ కాగితం ఉండి ఉంటే మొదట ఎదురైన మనిషినే అడిగేదాన్ని.